తక్కువపడిన అక్షరం

భాయ్ పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. మా ప్రెస్సులో ఒకప్పుడు బైండింగు చేసిన ఆమె కూరగాయల మార్కెట్లో కనబడి, "నీకు చెప్పలేదా సేటూ? శుక్రవారం నాడే మట్టి జేసిండ్రు" అంది. అని, నా మొహం చూసి, కొత్తిమీర కట్ట ఏరుకునే పనిలో పడిపోయింది. మా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి పోతే ఆ ఇంటి నుంచి నాకు కబురు రాలేదు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్లం. అయితే ఆ పిలుపు ఆయనకు వినపడేది కాదు. పిలవాలంటే భుజం తట్టాలి, లేదా ఆయన నిలబడ్డ షాబాద్ బండ మీద కాలితో గట్టిగా కొట్టాలి. తొమ్మిదేళ్ల వయసులో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. అప్పటికే తెలుగు, ఉర్దూ చదవడం నేర్చాడు కాబట్టి అక్షరం మిగిలింది. మాట కూడా పోలేదు. కానీ తన గొంతు తనకు తెలియదు గనుక, చిన్న మాట అనబోతే పెద్ద కేకయ్యేది. బజార్లో ఎవరో నవ్వారట. ఆ రోజు నుంచి మాట ఇంట్లోనే ఉంచేసి బయటికి వచ్చేవాడు.

మా బాపు మగ్గం వదిలేసి, నల్గొండ గడియారం సెంటర్ వెనక సందులో కాలితో తొక్కే అచ్చు మిషన్ ఒకటి పెట్టాడు. భాయ్ అక్కడ కంపోజిటర్. సీసం అక్షరాలను గూళ్ల పెట్టెలోంచి ఏరి ఒక్కో వరుసా పేర్చడం ఆయన పని. ఏ గూట్లో ఏ అక్షరం ఉందో కళ్లు చూడనక్కర్లేదు. కళ్లు కాగితం మీద ఉండేవి, చెయ్యి వడ్ల గింజలు ఏరే పిచ్చుకలా పెట్టె మీద తిరిగేది. మిషన్‌లో తేడా వస్తే మాకంటే ముందు ఆయనకే తెలిసేది. అరికాళ్లలో తెలుస్తుందని సైగ చేసేవాడు. ఛాతీ మీద గుద్దుకొని దగ్గు నటించాడంటే మిషన్‌కు నూనె పెట్టాలని అర్థం.

నేను పదో తరగతి తప్పి, ఎనభైల మొదట్లో ప్రెస్సులో కూర్చున్నాను. ప్రూఫులు దిద్దడం నా పని. భాయ్‌తో మాట్లాడ్డం నేర్చుకున్నదీ అప్పుడే. ఆయనకు ఏదైనా చెప్పాలనిపిస్తే చేతిలోని స్టిక్కులో, అంటే అక్షరాలు పేర్చే ఇనుప పట్టీలో, నాలుగు మాటలు పేర్చి చూపించేవాడు. అచ్చు అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా, మొదట్లో చిన్న అద్దం పెట్టుకొని చదివేవాణ్ని. ఆర్నెల్లకు అద్దం అక్కర్లేకపోయింది. ఒకసారి ఒక పెద్దమనిషి పెళ్లికార్డులో మేనమామలు, బావలు, వాళ్ల వియ్యంకులు అందరి పేర్లూ వేయించాలని పట్టుబట్టాడు. భాయ్ ఓపిగ్గా అన్నీ పేర్చి, చివర్లో స్టిక్కు నా ముందు పెట్టాడు. "పెండ్లికొడుకుకు జాగ లేదు" అని ఉంది. ఇంకోసారి బాపు కోపంతో ఊగిపోతూ తిడుతుంటే, తాపీగా నాలుగు అక్షరాలు పేర్చి చేతికిచ్చాడు. "తిట్టు. నాకేం ఇనపడది." బాపు నవ్వలేక, తిట్టలేక బయటికి వెళ్లి బీడీ ముట్టించాడు.

మధ్యాహ్నం భాయ్ భార్య, మా అందరికీ భాభీ, టిఫిన్ డబ్బా తెచ్చేది. వాళ్ల ఇంటి నుంచి ప్రెస్సుకు ఇరవై నిమిషాల నడక. ఎండైనా వానైనా ఆమె నడిచే వచ్చేది. ఆయనకు అర్థమయ్యేలా పెదవులు నిదానంగా కదిపి మాట్లాడ్డం అలవాటై, మాతో కూడా అట్లాగే ఒక్కో మాట విడదీసి మాట్లాడేది. "తమ్మీ, కూరల ఉప్పెక్కువైందంటుండు మీ భాయ్. జర నువ్వు తిని చెప్పు" అని నా చేతిలో ఒక ముక్క పెట్టేది. నేను ఉప్పు సరిగ్గానే ఉందనేవాణ్ని. భాయ్ నన్ను చూసి, ఉప్పు తిన్నవాడు ఇంకేమంటాడు అన్నట్టు చేతులు తిప్పేవాడు.

బాపు పోయాక ప్రెస్సు నా చేతికి వచ్చింది. కంప్యూటర్లు వచ్చి సీసం అక్షరాల పని సగం పోయింది. భాయ్‌కి బిల్లు పుస్తకాలు, రసీదులు, ప్రూఫులు మిగిలాయి. నేను ఆర్డర్ల కోసం వ్యానులో తిరిగేవాణ్ని. ఒకవైపు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల రిజిస్టర్లు, ఇంకోవైపు మక్తల్ దాకా పల్లికాయ వ్యాపారుల పట్టీ పుస్తకాలు. తొంభైల చివర మా బావ హైదరాబాద్ నుంచి రెండు మొబైల్ ఫోన్లు తెచ్చిచ్చాడు. అప్పటికి నల్గొండలో అవి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి నా జేబులో, ఒకటి ప్రెస్సులో. ప్రెస్సు ఫోను కంప్యూటర్ ఆపరేటర్ కోసమని అనుకున్నాను. అతను దాంట్లో మెసేజ్ కొట్టడం తలనొప్పి అని పక్కన పడేశాడు.

భాయ్ దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూశాడు. ఒక్కో మీట మీద మూడేసి, నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు. పట్నం ఉద్యోగుల పెళ్లికార్డులు ఇంగ్లీషులో పేర్చి పేర్చి, ఆ భాష రాకపోయినా అక్షరాలన్నీ ఆయనకు తెలుసు. ఆ మీటల్లో ఆయనకు కనబడింది తన గూళ్ల పెట్టే అనుకుంటాను. రెండు రోజులు తిరగకముందే బొటనవేలు దారి నేర్చుకుంది. మూడో రోజు నేను బల్ల దగ్గర కూర్చుని ఉంటే నా జేబులో ఫోను మోగింది. మెసేజ్. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: తమ్మీ, అన్నం తిన్నవా? పంపిన మనిషి పది అడుగుల దూరంలో గోడకు ఆనుకొని నన్నే చూస్తున్నాడు. నేను అయిదు నిమిషాలు తిప్పలు పడి 'తిన్న' అని కొట్టాను. ఆయన జేబులో ఫోను వణికింది. చదివి, పెద్దగా, గొంతు పగిలేలా నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన నవ్వు చప్పుడు వినడం నాకదే మొదటిసారి.

ఆ ఫోను ఇక ఆయనదే అయింది, ఇంటికి కూడా తీసుకుపోయేవాడు. నేను ఎక్కడున్నా భాయ్ మెసేజ్ వచ్చేది. కాగితం అయిపోయిందని, ఫలానా సేటు వచ్చి కూర్చున్నాడని, వాన పడుతోంది జాగ్రత్త అని. సిగ్నల్ అందకపోతే మేడ మెట్లెక్కి చెయ్యి పైకెత్తి పంపేవాడట. దూరంగా ఉన్న మనిషితో మాట్లాడ్డం ఆయనకు జీవితంలో అదే మొదలు. నాకు అది అప్పుడు తట్టలేదు.

రాయడంలో ఆయన పట్టింపు పెద్దది. తెలుగు దీర్ఘం ఇంగ్లీషు అక్షరాల్లో రావాలంటే 'ఏ' అనే అక్షరం రెండుసార్లు పడాలి. కానీ ఏ, బి, సి మూడూ ఒకే మీట మీద ఉంటాయి. ఒకసారి నొక్కితే ఏ, గబగబా రెండుసార్లు నొక్కితే అది బి అయిపోతుంది. రెండు 'ఏ'లు కావాలంటే ఒకసారి నొక్కి, తెర మీద గీత పక్కకు జరిగేదాకా ఆగి, మళ్లీ నొక్కాలి. నాకు అంత ఓపిక లేదు. ఒక్క 'ఏ'తోనే సరిపెట్టేవాణ్ని. ఆయన ఆగేవాడు. నేను బైండింగుకు దారం తెప్పించమని కొడితే, "దరమా, దారమా? ఇంకొక 'ఏ' పెట్టు తమ్మీ" అని జవాబు వచ్చేది.

నాకు అదంతా తమాషా. ఎక్కడ నలుగురు కూర్చున్నా ఫోను బయటికి తీసి, "ఇగో, మా ప్రెస్సు నుంచి ఉత్తరమొచ్చింది" అని భాయ్ మెసేజ్‌లు పైకి చదివేవాణ్ని. ఆయన రాసే తీరును సాగదీసి, దీర్ఘాలు మరీ లాగి చదివితే అందరూ నవ్వేవాళ్లు. చేతిలో ఫోను ఉందని చూపించుకోవడానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు నాకు.

ఆ రోజు మేళ్లచెరువు నుంచి తిరిగి వస్తూ సూర్యాపేటలో భోజనానికి ఆగాను. పేపర్ ఏజెంటు ఒకతను హైదరాబాద్ నుంచి వచ్చాడు, ఇంకా ఇద్దరు తెలిసినవాళ్లు. పొద్దు నడినెత్తిన ఉంది. మాంసం కూర అప్పుడే వడ్డించారు. ఫోను మోగింది. భాభీ కాళ్లు పడిపోయినయ్, జల్ది రా. భాయ్ రాయదలచుకున్నది అదీ. కానీ తెర మీద 'కాళ్లు' అనే మాటలో 'ఏ' ఒక్కటే పడింది. అట్లా ఉంటే ఆ మాటను 'కల్లు' అని కూడా చదవొచ్చు.

చదివింది నేనే. ఎప్పటిలాగే పైకి చదివాను. "భాభీ కల్లు... పడిపోయినయ్... జల్ది రా."

ఏజెంటు పగలబడి నవ్వాడు. "ఓహో! మీ భాభీ కల్లు తాగి పడిపోయిందా? పట్టపగలే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అర్థం కాలేదని ఇంతకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కల్లు పడిపోయినయ్ అని తెలుగులో ఎవరూ అనరు. ప్రూఫులు దిద్ది బతికినవాణ్ని, అది నా కంటికి ఆనకపోతుందా? పైగా భాభీ కల్లు ముట్టే మనిషి కాదు. మాట నోట్లోంచి వస్తుండగానే 'కాళ్లు' అని నా లోపల ఎవరో అన్నారు. కానీ నవ్వు అప్పటికే మొదలైంది. దాన్ని ఆపి, లేచి, చెయ్యి కడుక్కోవడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. తిని బయల్దేరుదాం, ఎంతసేపని, అనుకున్నాను.

"ఇటియ్యి, నేను మందు చెప్త" అని ఏజెంటు ఫోను లాక్కున్నాడు. అతనికి మీటలు బాగా వచ్చు. నిమ్మకాయ నీళ్లు తాగించు, పండుకోబెట్టు, నేను వస్తున్న. కొట్టి, పంపుతున్నానని నాకు చూపించాడు. నేను చూశాను. "ఏ, ఊకో" అన్నాను నవ్వుతూనే. పంపేశాడు. నా పేరు మీద, నా ఫోను నుంచి పోయింది.

భోజనం అయ్యాక పాన్ అన్నారు. పాన్ అయ్యాక కొత్త కాగితం నమూనాలు చూడమన్నారు. నేను నల్గొండ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది.

వ్యాను నేరుగా వాళ్ల ఇంటి సందు మొదట్లో ఆపగానే కేక వినపడింది. "తమ్మీ!" మనిషి కేకలా లేదది. భాయ్ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. బయట ఎన్నడూ తియ్యని గొంతు. నన్ను చూసి చేతులు రెండూ పైకెత్తాడు, బస్సును ఆపేవాళ్లలా.

లోపల భాభీ చాప మీద పడుకొని ఉంది. నడుము కింద ఆమె కాళ్లు ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు ఉన్నాయి. పక్కన గ్లాసు, పిండిన నిమ్మతొక్కలు నాలుగైదు. పొరుగింటామె గుమ్మంలో నిలబడి నన్ను అడిగింది:

"ఇంతసేపా సేటూ? పన్నెండు గంటల కాణ్ణుంచి గిట్లనే ఉంది. డబ్బా రాలేదని ఈయన ఇంటికొచ్చి చూసిండు. ఆటోల దవాఖానకు ఏస్కపోదమంటే ఆయన ఇననే లేదు. ఫోన్ల నీ జవాబు సూపెట్టిండు. తమ్ముడు పండుకోబెట్టమన్నడు, వస్తున్నడు అని రాసి సూపెట్టిండు. దబ్బదబ్బ బజారుకు పోయి నిమ్మకాయలు తెచ్చిండు."

భాయ్ నా చెయ్యి పట్టుకొని ఫోను నా కళ్ల ముందు పెట్టాడు. నా మెసేజ్ తెర మీద ఉంది. దాన్ని చూపించి, గ్లాసు చూపించి, మూడు వేళ్లు చూపించాడు. మూడుసార్లు తాగించాను, ఇంకా తాగించాలా అని అడుగుతున్నాడు. నేను ఎవరో డాక్టరును అడిగి ఆ మాట పంపానని అనుకున్నాడు. మందు అంత సులువైనదని సంతోషపడి ఉంటాడు కూడా.

దవాఖానకు ఆయన తనంతట తాను ఎప్పుడూ వెళ్లేవాడు కాదు. అక్కడ సగం మంది మూతికి గుడ్డ కట్టుకొని మాట్లాడతారు, పెదవులు కనబడవు, ఎవరూ రాసి చూపించరు. కూతురు వెంట ఉండేది. ఆ వారం కూతురు మక్తల్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంది. అందుకే నాకు రాశాడు.

మేమిద్దరం భాభీని ఎత్తి వ్యానులో పడుకోబెట్టాం. నల్గొండ డాక్టరు చూసి వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అక్కడి డాక్టరు వెన్నెముకలో ఏదో నొక్కుకుపోయిందన్నాడు. ఎప్పుడు మొదలైందని అడిగితే పన్నెండింటికని చెప్పాను. గోడ గడియారం చూశాడు. "ఇంతసేపు ఏం చేసిండ్రు? ముందే తెస్తే ఏమన్న అయితుండెనేమో. ఇప్పుడు చూడాలె" అన్నాడు. డాక్టరు పెదవుల మీదే కళ్లు పెట్టి నిలబడ్డ భాయ్ ఆ మాట చదివాడు.

వరండాలోకి వచ్చాక నన్ను ఆపాడు. ఫోను తీసి నా జవాబు చూపించాడు. వేలితో గాలిలో రాశాడు: ఎందుకు?

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నలుగురిలో నవ్వులాట కోసం జరిగిందని, నన్ను కొట్టమని చెప్పి ఉండొచ్చు. నేను పెదవులు నిదానంగా కదుపుతూ, "నువ్వు రాసింది నాకు కల్లు అని కనబడ్డది భాయ్" అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. తను పంపిన మెసేజ్ వెతికి తీశాడు. తెరను కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. పంక్తి మొత్తం బొటనవేలి గోరుతో ఒక్కో అక్షరమే తడుముతూ వెళ్లి, ఆ మాట దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి తడిమాడు. తర్వాత గోడ వైపు తిరిగి తన కుడిచేతిని గోడకేసి కొట్టుకున్నాడు. రెండోసారి కొట్టుకోబోతే పట్టుకున్నాను. నా పట్టు వదిలించుకొని, నాకు దండం పెట్టాడు. తప్పు తనదని, నన్ను క్షమించమని.

నేను ఆ దండాన్ని తీసుకున్నాను. "పోనీలే భాయ్" అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

భాభీ బతికింది. నడక మాత్రం రాలేదు. నెల తర్వాత భాయ్ పనిలోకి వచ్చి, ఫోనును తుడిచి, దాని పెట్టెలోనే పెట్టి నా బల్ల మీద ఉంచాడు. స్టిక్కులో పేర్చి చేతికిచ్చాడు. "ఇది నాకొద్దు తమ్మీ. నా చెయ్యి తప్పింది."

ఆ తర్వాత ఆయన ఎవరికీ ఒక్క మెసేజ్ పంపలేదు. స్టిక్కులో హాస్యాలు కూడా ఆగిపోయాయి. ప్రూఫు ఒకసారి చూస్తే చాలు అన్న మనిషి నాలుగుసార్లు చూడ్డం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. పొద్దున ఇచ్చిన బిల్లు పుస్తకం సాయంత్రానికి కూడా తేలేది కాదు. ఒకరోజు ఆర్డరు ఇచ్చిన వ్యాపారి ఎదురుగా కూర్చొని ఉంటే, ఆయన భుజం తట్టి, "ఎన్నిసార్లు చూస్తవ్ భాయ్? తప్పుంటే ఏమైతది, కొంపలు మునుగుతయా?" అని విసుక్కున్నాను. ఆయన నా పెదవుల వైపు చూసి తల వంచాడు. కాగితం మీద నుంచి వేలు మాత్రం తియ్యలేదు.

రెండేళ్ల తర్వాత ఆయన పని మానేశాడు. భాభీని కనిపెట్టుకొని ఉండాలన్నాడు. పండుగలకు మిఠాయి పంపేవాణ్ని, నేను వెళ్లేవాణ్ని కాదు. వాళ్ల సందు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ని. చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదా అంటే, అనుకున్నాను. బజార్లో ఒకసారి ఎదురుపడ్డాడు కూడా. నా రెండు చేతులూ పట్టుకొని, పిల్లలు బాగున్నారా అని సైగ చేశాడు. బాగున్నారన్నాను. తలకు రంగు వేసుకుంటున్నావా అని నవ్వాడు. నేను తొందర పని ఉందని వచ్చేశాను.

కూరగాయల మార్కెట్లో వార్త విన్న రోజు సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లాను. భాభీ మంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చుంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక, ఇప్పటికీ అదే నిదానంతో, ఒక్కో మాట విడదీసి మాట్లాడింది.

"మంచిగ చూసుకుండు తమ్మీ నన్ను. ఇన్నేండ్లు ఎత్తి దింపిండు. ఎన్నడు కసిరింది లేదు. ఒక్కటే బాధ ఆయనకు. నా చెయ్యి తప్పి నీ కాళ్లు పోయినయ్ అంటుండె. పోయే ముందటి దినం గూడ నా కాళ్లు వట్టుకొని ఏడ్చిండు."

నేను చెప్పేశాను. హోటల్, నలుగురు, నా పైకి చదవడం, నా నవ్వు, ఏజెంటు కొట్టిన జవాబు, అది పోతుంటే నేను చూడ్డం, వరండాలో అన్న మాట, తీసుకున్న దండం. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె నా పెదవుల వైపే చూసింది, భాయ్ చూసినట్టు.

అంతా విన్నది. తర్వాత అంది:

"ఆయనకు చెప్పకపోతివి. చెప్తే కొట్టేటోడు నిన్ను. కొట్టి, నాల్గు దినాలు అలిగి, మళ్ల మాట్లాడేటోడు. తన చెయ్యి తప్పలేదని ఎరుకై పోయేటోడు మనిషి."

ఆమె కాళ్ల మీది దుప్పటి సర్దుకుంది.

"ఇప్పుడు నాకు చెప్తివి" అంది. "దీన్ని నేనేం జేసుకోవాలె తమ్మీ?"

కూతురు చాయ్ తెచ్చి నా ముందు స్టూలు మీద పెట్టింది. భాభీ తాగమని అనలేదు, వద్దనీ అనలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. కూతురు నన్నూ వాళ్లమ్మనూ మార్చి మార్చి చూసి, ఏమైందని అడిగింది.

"ఏం లేదు బిడ్డా" అంది భాభీ. "నీకు చెప్పేది కాదు."